సాలమోనుగారి చక్కులో మూడు దవడలు

మామిడికుదురు నుంచి వైనతేయ ఏటి గట్టుకు పోయే దారిలో, కొబ్బరితోటల మధ్య ఒక పెంకుటిల్లు, దాని పక్కనే రేకుల షెడ్డు ఉండేవి. ఇంటికి ఒకటే తాళం. షెడ్డుకు మాత్రం రెండు. ఒకటి తలుపు గొళ్లేనికి, రెండోది ఆ గొళ్లేనికి అడ్డంగా బిగించిన ఇనప పట్టీకి. ఊళ్లోవాళ్లు నవ్వుకునేవారు. సాలమోను పట్టించుకునేవాడు కాదు. నవ్వేవాళ్ల మీదే ముందు కన్నేసి ఉంచేవాడు.

సాలమోను పుట్టుకతో అనుమానపు మనిషి కాదు. రాజమండ్రి అవతల ఒక సర్కారు వర్క్‌షాపులో స్టోర్‌కీపరుగా పనిచేసేవాడు. వచ్చినవాడికి కావలసిన సామాను తీసి ఇచ్చి, టీ కూడా తాగించి పంపే మనిషని అప్పట్లో పేరు. డెబ్భై ఒకటిలో స్టోర్సు నుంచి ఒక పెట్టెడు బేరింగులు మాయమయ్యాయి. తాళం ఇతని దగ్గరే ఉంటుంది కాబట్టి ఇతన్నే సస్పెండ్ చేశారు. ఏడాది దాకా ఇంట్లో కూర్చున్నాడు. చివరికి ఆ పెట్టె ఇంకో షెడ్డులో, టార్పాలిను కింద, ఎవరో పొరపాటున దింపినచోటే దొరికింది. ఉద్యోగం తిరిగి ఇచ్చారు. పొరపాటైందని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఆ ఏడాదిలో ఒక ఆదివారం గుడిలో చందా సంచి అతని ముందుకు వచ్చినప్పుడు, పక్కన కూర్చున్న మనిషి తన చేతివంకే చూశాడని సాలమోనుకు అనిపించింది. నిజంగా చూశాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఆ చూపు అతని లోపల ఉండిపోయింది. ఉద్యోగంలో తిరిగి చేరిన రోజు నుంచి తన సామాను ప్రతిదానికీ ఎర్ర రంగు చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. సుత్తికి, ఆకురాయికి, ఆఖరికి నూనె డబ్బా మూతకి కూడా.

అతని భార్య ఎలీసమ్మ ఆ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. "ఏవండీ, నాక్కూడా ఓ చుక్క పెట్టేయండి, ఎవరన్నా ఎత్తుకుపోతారు" అనేది. అతను నవ్వేవాడు కాదు.

రిటైరయ్యాక షెడ్డే అతని లోకమైంది. మోటారు పంపులు బాగుచేసేవాడు, గుడి కిటికీలకు ఊచలు బిగించేవాడు, కొబ్బరి కోరే కత్తిపీటలకు పళ్లు పెట్టేవాడు. వర్క్‌షాపులో పాత మిషన్లు వేలం వేసినప్పుడు కొని తెచ్చుకున్న బెంచి డ్రిల్లు షెడ్డు మధ్యలో ఉండేది. దాని అసలు విలువంతా చక్కులోనే. చక్కంటే డ్రిల్లు బిట్టును పట్టుకునే ఉక్కు పిడి. లోపల మూడు దవడలుంటాయి. కీ పెట్టి తిప్పితే మూడూ ఒక్కసారే ముందుకు జరిగి, బిట్టును సరిగ్గా నడిమధ్యలో బిగించి పట్టుకుంటాయి. అది పాతకాలపు చక్కు. బరువైనది, ఎంత బిట్టునైనా వణక్కుండా పట్టేది. దాని నడుమ మీదా ఎర్ర చుక్క ఉంది.

ఆ షెడ్డులోకి అడగకుండా అడుగుపెట్టే మనిషి ఒక్కడే, బుల్లబ్బాయి. వైనతేయ గట్టున పడవలు కట్టేవాడు. సాలమోను సస్పెండై ఇంట్లో ఉండలేక గట్టు వెంట తిరిగే రోజుల్లో బుల్లబ్బాయి అతన్ని ఏమీ అడగలేదు. "ఖాళీయేనాండి? ఈ పలక కాస్త అటేపు పట్టుకుంటారా?" అన్నాడంతే. సాలమోను పట్టుకున్నాడు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ ఏడాది అతన్ని పిచ్చివాణ్ణి కాకుండా కాపాడినవి ఆ పలకలే.

ఎనభై నాలుగు వేసవిలో బుల్లబ్బాయికి ఒక ఇంజను పడవ పని వచ్చింది. అప్పటికి తెరచాప పడవలకు ఇంజన్లు బిగించుకోవడం మొదలైంది. ఇంజను కూర్చోవాలంటే మందపాటి ఇనప పట్టీలకు బెజ్జాలు వేయాలి. గట్టు మీద కరెంటు లేదు. బుల్లబ్బాయి దగ్గర చేత్తో తిప్పే నిలువు డ్రిల్లు ఉంది గాని, దాని చక్కు పగిలిపోయింది.

"సాలమోనుగారూ, మీ చక్కొకటి ఓ వారం ఇప్పిస్తారా? జాగర్తగా చూసుకుంటానండి" అని అడిగాడు.

సాలమోను డ్రిల్లువంక చూశాడు. ఆ షెడ్డులోంచి ఇంతవరకూ ఏ సామానూ గడప దాటలేదు. చివరికి చిన్న ఉక్కు చీలను సందులో దోపి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, చక్కును ఊడదీసి చేతిలో పెట్టాడు. "నీకు కాబట్టి ఇస్తున్నాను" అన్నాడు.

"ఆయ్" అని తలూపాడు బుల్లబ్బాయి.

వారం దాటాక చక్కు తిరిగొచ్చింది. అప్పుడు సాలమోను ఇంట్లో లేడు. బుల్లబ్బాయి ఎలీసమ్మ చేతికిచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. సాలమోను వచ్చి గుడ్డ విప్పి చూశాడు. చక్కు తళతళలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కిరసనాయిలు వాసన.

"ఇంత శుభ్రంగా ఎందుకిచ్చేడు?" అన్నాడు.

"శుభ్రంగా ఇచ్చినా తప్పేనాండి?" అంది ఎలీసమ్మ.

"పడవల షెడ్డులో నూనె, తారు, రంపప్పొట్టు తప్ప ఇంకేం ఉండదు. వాడుకున్న సామాను వాడుకున్నట్టే రావాలి. నిలబడకుండా ఎందుకెళ్లేడు?"

"పనుందన్నారు."

"ఏం పని?"

ఎలీసమ్మ వంటింట్లోకి పోయింది.

చక్కును డ్రిల్లుకు బిగించి, బిట్టు పెట్టి, స్విచ్చి వేశాడు. బిట్టు కొస గాలిలో సున్నా చుట్టింది. ఇనప ముక్క మీద పెడితే బెజ్జం కోడిగుడ్డులా వంకరగా పడింది. ఆపి, బిట్టు తీసేసి, దవడలను దగ్గరకు తిప్పి చూశాడు. మూడూ ఒకచోట కలవడం లేదు. ఒకటి ముందుకు పొడుచుకొచ్చింది, ఇంకొకటి వెనకబడింది. పై తొడుగును కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఎర్ర చుక్క ఉంది, తనదే. కానీ తొడుగు అంచున ఇంతకుముందు లేని సుత్తి దెబ్బ గుర్తు కనిపించింది.

"విప్పేడు" అనుకున్నాడు. పై తొడుగు నాది. లోపల దవడలు నావి కావు. నావి తీసేసుకుని, ఆ పగిలిన చక్కులో దవడలు ఇందులో పెట్టి ఇచ్చాడు. చుక్క పైనే కదా ఉంటుంది, లోపల ఎవరు చూస్తారని.

మర్నాడు పొద్దున్నే గట్టుకు వెళ్లాడు. పడవ ఒడ్డున పక్కకు ఒరిగి ఉంది. బుల్లబ్బాయి వంగి పలకల సందుల్లో దూది కూరుతున్నాడు. నిలువు డ్రిల్లు తాటాకు పందిరి కింద ఉంది. దాని తల మీద గోనెసంచి కప్పి ఉంది. గాలికి సంచి ఒక పక్క లేచింది. కింద కొత్త మెరుపు. చక్కు!

సాలమోను అటు చూడటం బుల్లబ్బాయి చూశాడు. లేచి వచ్చి, మాట్లాడుతూనే సంచిని సరిచేసి కప్పాడు.

"ఇలా వచ్చేరేంటండి పొద్దున్నే?"

"ఊరికే" అన్నాడు సాలమోను. "మీ పని ఎలా జరుగుతోంది?"

పదమూడేళ్ల స్నేహంలో సాలమోను అతన్ని "మీ" అనడం అదే మొదటిసారి. బుల్లబ్బాయి మొహం మారింది. ఇద్దరూ కాసేపు ఏటివంక చూస్తూ నిలబడ్డారు. పోటు నీళ్లు ఎక్కుతున్నాయి. సాలమోను వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత రోజులు అతనికి బాగా గడవలేదు. పని ముట్టుకోలేదు. బజార్లో ఎవరైనా బుల్లబ్బాయి పేరెత్తితే చెవులు రిక్కించేవాడు. అతను రాజోలు బస్సెక్కాడని వింటే, దవడలు అమ్మడానికే వెళ్లి ఉంటాడనుకున్నాడు. ఎక్కలేదని వింటే, దొరికిపోతానని ఆగి ఉంటాడనుకున్నాడు. చక్కును డ్రిల్లుకు ఉంచడం కూడా ఇష్టంలేక ఊడదీసి, తెల్లగుడ్డలో మూటకట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేశాడు. స్టోర్సులో తగాదా సామానుకు అలాగే చేసేవారు.

ఎలీసమ్మ ఆ మూటను చూసింది. "ఇదేంటండి?"

"సాక్ష్యం. అతని ఎదురుగానే విప్పుతాను. నేను విప్పి తర్వాత చెప్తే, నేనే మార్చేనంటాడు."

ఎలీసమ్మ మూటను బల్లమీద పెట్టి, అతనికి ఎదురుగా కూర్చుంది. "డెబ్భై ఒకటిలో మీరు అన్నం తినకుండా గోడవంక చూసేవారు. తాళం నా దగ్గరుంటే దొంగ నేనేనా అని నన్నడిగేవారు. నేనేం చెప్పగలనండి? ఏడ్చేదాన్ని. ఇప్పుడు బుల్లబ్బాయి భార్య అచ్చాయమ్మ వాళ్లింట్లో ఏడుస్తుంటాదేమో."

"అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరు?"

"నేను తియ్యలేదు కాబట్టి."

"అతను తీసేడని మీరు చూసేరా?"

సాలమోను మూటను దగ్గరకు లాక్కున్నాడు. "శనివారం రమ్మని కబురు పెట్టు" అన్నాడు.

శనివారం బుల్లబ్బాయి వచ్చాడు. ఒక్కడే రాలేదు, భార్య అచ్చాయమ్మ కూడా వచ్చింది. ఉతికిన బట్టలు కట్టుకుని ఇద్దరూ కోర్టుకు వచ్చినట్టు షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. ఎలీసమ్మ అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది.

సాలమోను మూట చూపించాడు. "ముద్ర చూసుకోండి."

"ముద్రలెందుకండి మన మధ్య" అన్నాడు బుల్లబ్బాయి నెమ్మదిగా.

"చూసుకోండి."

బుల్లబ్బాయి చూశాడు. సాలమోను లక్క పగలగొట్టి చక్కును బయటికి తీశాడు. ముందు దవడలను పూర్తిగా లోపలికి తిప్పేశాడు. కీ పళ్లున్న పై తొడుగు అంచు ఆనేట్టు ఒక ఇనప గొట్టం ముక్కను పెట్టి, రెంటినీ కలిపి బల్లకు బిగించి ఉన్న పెద్ద వైసు నోట్లో ఇరికించి, పిడి పట్టుకుని కొద్దికొద్దిగా బిగించసాగాడు. వైసు మరలు మూలిగాయి. ఉన్నట్టుండి టప్పున చప్పుడైంది, అచ్చాయమ్మ ఉలిక్కిపడింది. తొడుగు జారి వదులైంది.

బల్లమీద తెల్లగుడ్డ పరిచి ఉంచాడు. తొడుగు తీసి దానిమీద పెట్టాడు. లోపల దవడలను ముందుకూ వెనక్కీ నడిపే, రెండు ముక్కలుగా ఉన్న మరల వలయం ఊడి చేతిలోకి వచ్చింది. తర్వాత దవడలు ఒక్కొక్కటిగా జారాయి. ఏది ఏ గాడిలోంచి వచ్చిందో అదే వరసలో గుడ్డ మీద పేర్చాడు. గాడిలో వేలు పెట్టి తీశాడు. వేలికి సన్నటి ఇసక అంటింది. నాలిక కొసకు తాకించుకున్నాడు. ఉప్పగా ఉంది.

బుల్లబ్బాయి కళ్లు దించుకున్నాడు.

సాలమోను దవడలను కళ్లద్దాల దగ్గరకు పెట్టుకుని చూశాడు. ఒక్కోదాని పక్కన చీమ తలంత అంకె కొట్టి ఉంది. మొదటిదాని మీద ఒకటి. దాని పక్క గాడిలోంచి వచ్చినదాని మీద మూడు. ఆఖరిదాని మీద రెండు.

"దీన్ని ఎవరో విప్పేరు. విప్పి వరస తప్పి పెట్టేరు" అన్నాడు. "మీరేనా?"

"నేనేనండి."

అచ్చాయమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుల్లబ్బాయి చెప్పడం మొదలుపెట్టాడు.

"డ్రిల్లు నీళ్ల పక్కనే ఉందండి. పట్టీ అటు తిప్పుదామని గట్టిగా లాగేసరికి చక్కు ఊడి ఏట్లో పడిపోయింది. పోటు మీదుంది. పాటు తీసేదాకా గట్టునే కూర్చున్నాను. తర్వాత బురదలో కాళ్లతో తడిమి తడిమి తీసేను. తిప్పితే లోపల ఇసక కరకరలాడింది. తుప్పు పట్టేస్తుందని భయమేసి, కొట్టి విప్పి కిరసనాయిల్లో కడిగేను. అంకెలున్నాయని నాకు తెలీదండి. మూడూ ఒకేలా కనపడ్డాయి. ఎలా కుదిరితే అలా పెట్టేసేను."

"మరి ఆ కొత్త చక్కు?"

"రాజమండ్రి నుంచి తెప్పించుకున్నాను."

"నా దవడలు మీ దగ్గరుంటే కొత్తదెందుకు?" అన్నాడు సాలమోను. తన మాటే తన అనుమానాన్ని కొట్టేసిందని అతనికే తెలిసింది. "అంటే, ఇవి నావేనని నమ్మకమేంటి?"

బుల్లబ్బాయి తలెత్తాడు. అతని గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "పెట్టి చూడండి. వరసలో పెట్టి చూడండి. మీవైతే కలుస్తాయి, ఇంకోళ్లవైతే కలవవు. అంతేగదండీ?"

అంతే. సాలమోనుకూ తెలుసు. ఒక చక్కుకు తీర్చిన దవడలు ఇంకో చక్కులో ఎంత బిగించినా ఒక్కచోటికి రావు.

గిన్నెలో కిరసనాయిలు పోసి ముక్కలన్నీ మళ్లీ కడిగాడు. పాత బ్రష్షుతో గాడులన్నీ తోమాడు. గుడ్డతో తుడిచి సన్నగా గ్రీజు పూశాడు. ఒకటో అంకె దవడను మొదటి గాడిలో పెట్టాడు, రెండోదాన్ని దాని పక్కన, మూడోదాన్ని ఆ పక్కన. మూడింటి కొసలూ సమంగా వచ్చేట్టు సర్ది పట్టుకుని, మరల వలయం రెండు ముక్కలనూ చుట్టూ చేర్చాడు. ఒకసారి ముక్క జారి కింద పడింది. బుల్లబ్బాయి వంగి తీసి, గుడ్డతో తుడిచి అందించాడు. సాలమోను అందుకున్నాడు. తొడుగు పైన ఎక్కించి, మధ్యలో చెక్క ముక్క పెట్టి, వైసులో మళ్లీ బిగించాడు.

బయటికి తీసి చేత్తో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. దవడలు ముందుకు జరిగాయి, దగ్గరయ్యాయి. గుమ్మంలోకి వెళ్లి వెలుతురుకు ఎదురుగా పైకెత్తి చూశాడు. మూడు కొసలూ ఒక్క చుక్కలో కలిశాయి. మధ్యన వెలుతురు కూడా దూరడం లేదు.

అలాగే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఇంకా ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని చూస్తున్నాడని ఎలీసమ్మకు తెలుసు. దొరకలేదు.

"ఏట్లో పడిందని అప్పుడే చెప్పొచ్చుగా" అన్నాడు చివరికి, వెనక్కి తిరక్కుండానే.

"చెప్తే నమ్ముదురాండి?" అన్నాడు బుల్లబ్బాయి. "పడలేదు, లోపలివి అమ్ముకుని పడిందంటున్నాడు అనుకుంటారు. మీ సంగతి నాకు తెలీదా? అందుకే చెప్పలేదు. కొత్తదెందుకు కొన్నానంటే, మళ్లీ మీ గుమ్మం ఎక్కి అడగకూడదని."

సాలమోను చక్కును బల్లమీద పెట్టాడు. ఎలీసమ్మ కాఫీ తెచ్చింది. బుల్లబ్బాయి తాగాడు గాని కూర్చోలేదు. వెళ్తుంటే సాలమోను గుమ్మం దాకా వచ్చి, "నువ్వు ఇంజను ఎప్పుడు బిగిస్తున్నావు?" అన్నాడు.

అచ్చాయమ్మ ఆ "నువ్వు" విని మొగుడివంక చూసింది. బుల్లబ్బాయి, "ఆయ్, చెప్తానండి" అని నడిచిపోయాడు.

చెప్పలేదు. వారం గడిచింది. తనను పిలవకుండానే బిగించేశారేమోనని సాలమోనుకు మళ్లీ మొదలైంది. ఇంకెవర్నో పెట్టుకున్నాడేమో, తన మీద నవ్వుకుంటున్నారేమో. అన్నం ముందు కూర్చుని అదే అన్నాడు.

"పిలవకపోతే మీరే వెళ్లండి" అంది ఎలీసమ్మ. "ఆ ఏడాది మిమ్మల్నెవరు పిలిచేరు? రోజూ మీ అంతట మీరే గట్టుకెళ్లేరు గదా."

మర్నాడు వెళ్లాడు. ఇంజను ఇంకా బిగించలేదు. తాళ్లు కట్టి, దుంగలమీద నుంచి పడవలోకి దించడానికి మనుషులు అవస్థపడుతున్నారు. బుల్లబ్బాయి ఇతన్ని చూశాడు. పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. సాలమోను చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, పడవలోకి దిగి, ఇంజను కిందకు వచ్చే పట్టీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇంకాస్త ఎడంవేపుకండి" అన్నాడు బుల్లబ్బాయి.

మధ్యాహ్నానికి ఇంజను కూర్చుంది. ఒక బెజ్జం కలవకపోతే సాలమోనే నిలువు డ్రిల్లు తిప్పి, ఆ కొత్త చక్కుతోనే సరిచేశాడు. మిగతావాళ్లు అన్నాలకు వెళ్లాక ఇద్దరే మిగిలారు. సాలమోను చేతుల నూనెను ఇసకతో రుద్దుకుంటూ మాట్లాడాడు.

"నన్ను దొంగన్నవాళ్లలో ఒక్కడు కూడా నా దగ్గరికొచ్చి తప్పైపోయిందని అనలేదు బుల్లబ్బాయీ. చచ్చేదాకా చూసినా అనరు. తప్పైపోయిందనే మాట ఎంత బరువో ఈ వారంలో తెలిసింది. నాది తప్పే."

బుల్లబ్బాయి రెంచీలు ఏరి సంచిలో వేశాడు. "నేనూ చెప్పుండాల్సిందండి" అన్నాడు తర్వాత. "రండి, అచ్చాయమ్మ చూస్తుంటాది."

తాటాకు పందిరి కింద అచ్చాయమ్మ ఇద్దరికీ వడ్డించింది. ఇంతటితో సాలమోను మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. షెడ్డుకు రెండు తాళాలూ అలాగే ఉన్నాయి, రంగు డబ్బా ఎండిపోతే ఇంకొకటి కొన్నాడు. ఆ రోజు కూడా మొదటి ముద్ద కలపబోయి ఆగాడు. పులుసులో ముక్కను వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు.

"అచ్చాయమ్మా, ఈ చేప ఇవాళ్టిదేనా?"

"పొద్దున మీ ఎదురుగానే గదా అన్నయ్యగారూ వలలోంచి తీసేరు" అంది అచ్చాయమ్మ.

బుల్లబ్బాయి ముందు నవ్వాడు. పులుసు కారం గొంతుకు అడ్డంపడి దగ్గుతూ కూడా నవ్వాడు. సాలమోను కాసేపు ఇద్దరివంకా అనుమానంగా చూసి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.